సిలువ వెర్రితనం, తగులుబడి లెక్క

ప్రశ్న: మా నాన్నగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. మా సంఘంవారు పాత మందిరం పడగొట్టి రెండంతస్తుల కొత్త మందిరం కట్టాలని నిర్ణయించారు. ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ‘లెక్కలు వేయడం లోకజ్ఞానం, లెక్క చూడకుండా ఇవ్వడం విశ్వాసం, పేతురు నీళ్ల లోతు కొలిచి దిగలేదు’ అని చెప్పిన రోజు నుంచి, ఇల్లు తాకట్టు పెట్టి 12 లక్షలు తెచ్చి ఇస్తానని నాన్నగారు పట్టుబడుతున్నారు. ఆయన వయసుకు ఒక్కరికే అప్పు ఇవ్వం అని బ్యాంకువారు అనడంతో నన్ను కూడా సంతకం పెట్టమంటున్నారు. అంచనా ఎంత, ఇప్పటికి ఎంత వసూలైంది అని అడిగితే, ‘సిలువ వార్త నశించేవారికి వెర్రితనంగానే ఉంటుంది, నీకూ అలాగే ఉంది’ అన్నారు. కోపం ఆపుకోలేక ‘ఇది విశ్వాసం కాదు, మూర్ఖత్వం, మీరు మూర్ఖులు’ అనేశాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. అమ్మ ఏడుస్తోంది. బైబిలు నిజంగా తెలివిని తప్పు పడుతుందా? నేను సంతకం పెట్టాలా, వద్దా? (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, పల్నాడు జిల్లా)

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే బ్యాంకు కాగితాలు మన చర్చ ముగిసేదాకా ఆగవు. ఇప్పుడున్న స్థితిలో సంతకం పెట్టకండి. సహ రుణగ్రహీతగా చేవ్రాలు చేసినవాడు సగం అప్పుకు కాదు, మొత్తం అప్పుకు బాధ్యుడవుతాడు. నాన్నగారు కట్టలేకపోయిన నెల బ్యాంకు మీ జీతం వైపే చూస్తుంది. ఇది లోకజ్ఞానమని ఎవరైనా అంటే సామెతల గ్రంథం ఆరో అధ్యాయం తీసి చూపించవచ్చు. పక్కవాడి అప్పుకు పూటపడినవాణ్ని, అంటే హామీ ఉన్నవాణ్ని, అక్కడ వేటగాని చేతిలో చిక్కిన లేడితో, పిట్టతో పోల్చి, కంటికి కునుకు రానివ్వకుండా వెళ్లి విడిపించుకోమని చెప్పారు. అలా చెప్పింది బ్యాంకు మేనేజరు కాదు, లేఖనమే.

ఇక మొదటి ప్రశ్న. నాన్నగారు మీ మీద ప్రయోగించిన వాక్యం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, మొదటి అధ్యాయం పద్దెనిమిదో వచనం: ‘సిలువనుగూర్చిన వార్త, నశించుచున్న వారికి వెఱ్ఱితనము గాని రక్షింపబడుచున్న మనకు దేవుని శక్తి.’ ఇది ఎవరికి, ఏ సందర్భంలో రాసిన మాటో తెలిస్తే దాని పదును ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. కొరింథును రోమన్లు క్రీస్తుపూర్వం 146లో నేలమట్టం చేశారు. ఒక శతాబ్దం గడిచాక, 44లో, జూలియస్ సీజర్ దాన్ని రోమా కాలనీగా మళ్లీ నిలబెట్టాడు. అక్కడికి వచ్చి స్థిరపడినవారిలో విడుదల పొందిన బానిసలు ఎక్కువ. రెండు రేవుల మధ్య వ్యాపారంతో డబ్బు చేసుకొన్న ఆ ఊళ్లో వంశం లేనివాడు కూడా పేరు సంపాదించుకోవచ్చు, అయితే ఆ పేరు సభలో నిలబడి అనర్గళంగా మాట్లాడేవాడికే తొందరగా వచ్చేది. ఆ జబ్బు సంఘంలోకి కూడా పాకి, ‘నేను పౌలువాడను’, ‘నేను అపొల్లోవాడను’, ‘నేను కేఫా (పేతురు) వాడను’ అని విశ్వాసులు బోధకుల పేర్లతో జట్లు కట్టారు. పౌలు ‘జ్ఞానం’ అని ఎత్తిపొడిచింది ఆ వాక్చాతుర్యపు గర్వాన్ని, దాని వెంట వచ్చే హోదాని. కూడికలు, తీసివేతలు ఆయన దృష్టిలో లేనేలేవు.

సిలువ ఆ కాలంవారికి ఎంత వెర్రిగా తోచిందో నేడు మెడలో బంగారు సిలువ వేసుకొనే మనకు ఊహకు అందదు. రోములో పాలటైన్ కొండ మీది ఒక పాత కట్టడంలో 1857లో ఒక గోడగీత బయటపడింది. సుమారు 200వ సంవత్సరం నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా. గాడిద తల ఉన్న ఒక మనిషి సిలువ మీద వేలాడుతూ ఉంటాడు. కింద ఒక యువకుడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. ‘అలెక్సమెనోస్ తన దేవుణ్ని ఆరాధిస్తున్నాడు’ అని వంకర గ్రీకు అక్షరాల్లో ఎవరో గీకారు. తోటివాణ్ని ఏడిపించడానికి గోడ మీద గీసే బొమ్మ ఎలా ఉంటుందో బడిలో చదువుకొన్న ప్రతివాడికీ తెలుసు, ఇదీ అలాంటిదే. బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్షను పొందినవాణ్ని ప్రభువు అనడమే పౌలు చెప్పిన ‘వెర్రితనం’. ఆ వెర్రితనం హోదాను తలకిందులు చేస్తుంది, బుద్ధిని కాదు.

అలా కాదంటారా, అయితే అదే పత్రికలో పదహారో అధ్యాయానికి రండి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు చందా పోగుచేస్తున్నాడు. ఎలా చేయమన్నాడు? ప్రతి ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొలదిని వారు తమ దగ్గర విడిగా తీసి ఉంచమన్నాడు, తాను వచ్చిన రోజున వసూళ్ల హడావుడి వద్దన్నాడు. పోగైన సొమ్మును మోసుకుపోయే మనుషులను కొరింథువారే ఎన్నుకోవాలన్నాడు, వారి చేతికి ఉత్తరాలు ఇచ్చి పంపుతానన్నాడు. రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా, ఇంత పెద్ద ధర్మం విషయంలో తమ మీద ఎవడూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని రాసి, తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ని తోడు పంపాడు. మన మాటల్లో చెప్పాలంటే రెండో సంతకం అన్నమాట. మొదటి అధ్యాయంలో సిలువ వెర్రితనాన్ని చాటిన కలమే పదహారో అధ్యాయంలో వసూలు పద్ధతి రాసింది. మీ ఊరి కూటాల్లో ప్రసంగించినాయన మొదటి అధ్యాయం దగ్గరే పత్రిక మూసేసినట్టున్నాడు.

ఆ మొదటి అధ్యాయపు వాక్యాలకు మన తెలుగు గడ్డ మీద కూడా ఒక చరిత్ర ఉంది, మీ పక్క జిల్లాదే కాబట్టి చెబుతాను. ఒంగోలులో బాప్తిస్తు మిషనరీగా ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరకు 1860ల చివర్లో మాదిగలు విశ్వాసులై రావడం మొదలుపెట్టారు. వీళ్లను చేర్చుకొంటే మేము రామని అగ్రకులాలవారు ఆయనకు చెప్పారు. ఏమి చేయాలో పాలుపోక ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట, ‘మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు’ అనే ఇరవయ్యారో వచనం దగ్గరే పుట తెరుచుకొందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకొన్నాడు. ఆ తరువాత ఆయన వెనక్కి తగ్గలేదు. లోకం దృష్టిలో అది పెద్ద తెలివితక్కువ పని: డబ్బు, పలుకుబడి ఉన్నవారిని వదులుకొని ఊరి బయట ఉన్నవారిని ఎంచుకోవడం. పౌలు చెప్పిన వెర్రితనం అచ్చంగా అదే.

మరి ఆ మనిషి లెక్కలు వేయలేదా? 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పనిలో ఉండి నేర్చుకొన్నది అక్కడ అక్కరకు వచ్చింది. కరవు సాయం నడుస్తున్నంత కాలం, కూలి కోసం, గంజి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనుషులను ఎంచుకోవడంలో లోకానికి వెర్రివాడిగా కనబడ్డాడు, డబ్బు, పేరు ముట్టుకొనే చోట మాత్రం గజంబద్ద పట్టుకొన్న సర్వేయరులాగే నడిచాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని మీ నాన్నగారికి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు ‘మూర్ఖుడు’ అనే మాట గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అప్పు కాదు, ఈ మాట. సామెతల గ్రంథం తెలివితక్కువవాళ్లందరినీ ఒకే గాటన కట్టదు. మొదటి అధ్యాయంలో జ్ఞానం వీధిలో నిలబడి కేకవేసేటప్పుడే ముగ్గురిని విడివిడిగా పిలుస్తుంది: జ్ఞానములేనివారు, అపహాసకులు, బుద్ధిహీనులు. మొదటివాడు అమాయకుడు, ఏది చెప్పినా నమ్ముతాడు, అతనికి నేర్పవచ్చు. బుద్ధిహీనుడు నేర్చుకోవడమే ఇష్టంలేనివాడు. అపహాసకుడు ఇంకా ముదిరినవాడు, అతన్ని గద్దిస్తే పగబడతాడు, అదే జ్ఞానిని గద్దిస్తే ప్రేమిస్తాడని తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. చదువుతో, మార్కులతో ఈ విభజనకు సంబంధం లేదు. తప్పు చెప్పినప్పుడు మనిషి ఏమవుతాడన్నదే కొలత. ఆ కొలత పెట్టి చూస్తే మీ నాన్నగారు మొదటి రకానికి దగ్గరగా ఉన్నారేమో గాని మూడో రకం కాదు. ఒక మంచి ప్రసంగం విని కరిగిపోయిన మనిషి అపహాసకుడు ఎలా అవుతాడు? మరి సంఘంలో ఎవరు లెక్క అడిగినా నవ్వి తోసిపుచ్చేవారు ఏ కోవకు చెందుతారో మీరే చూసుకోండి.

మత్తయి ఐదో అధ్యాయంలో, సహోదరుణ్ని చూసి ‘ద్రోహీ’ అనేవాడు నరకాగ్నికి లోనవుతాడని మన తెలుగు బైబిల్లో ఉంది కదా, అక్కడి గ్రీకు మాటకు మామూలు అర్థం మూర్ఖుడనే. తెలుగు చేసినవారు ఇంకా బరువైన మాట ఎంచుకొన్నారు. ఆ వాక్యంతో మిమ్మల్ని భయపెట్టాలని కాదు. అయితే మీ ఇద్దరి గొడవలో బైబిలును సూటిగా మీరినది ఎవరు అని ఎవరైనా అడిగితే, నాన్నగారు ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, మీ నోట మాత్రం ఆ మాట వచ్చేసింది.

ఇక మందిరం సంగతి. లూకా పద్నాలుగో అధ్యాయంలో యేసు చెప్పిన పోలిక నాన్నగారికి కంఠతా వచ్చే ఉంటుంది. గోపురం కట్టాలనుకొన్నవాడు దాన్ని ముగించడానికి కావలసింది తన దగ్గర ఉందో లేదో అని ‘కూర్చుండి’, ‘తగులుబడి’ లెక్క చూసుకోడా అని ఆయన అడిగాడు. తగులుబడి అంటే అయ్యే ఖర్చు. ఈ మాట నేటి వాడుకలో పోయింది గాని బైబిల్లో అలాగే నిలిచి ఉంది. శిష్యుడు కావడానికి తనకున్నదంతా విడిచిపెట్టాలన్న బోధ మధ్యలో, అంటే లెక్క చూడకుండా ఇవ్వడం గురించి మాట్లాడుతున్న చోటే, యేసు ఈ పోలిక వాడాడు. సర్వస్వం ఇవ్వమన్నవాడే ముందు కూర్చుని లెక్క చూసుకొమ్మన్నాడు. పునాది వేసి ఆపేసినవాణ్ని చూసి జనం నవ్వుతారని కూడా అన్నాడు.

ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను చూశాను. ఒకప్పుడు నేను ఉన్న ఊళ్లో ఒక సంఘంవారు స్లాబు దాకా లేపి ఆపిన మందిరం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. స్తంభాల పైన చువ్వలు తుప్పుపట్టి వంగిపోయాయి, గచ్చు వేయని నేల మీద జిల్లేడు మొలిచింది, పక్కింటివారు గోడలకు పిడకలు కొట్టుకొనేవారు. ఆరాధన మాత్రం ఆ పక్కనే రేకుల షెడ్డులో సాగేది. ఆ సంఘంలో విశ్వాసం తక్కువైందని నేను అనను. అంచనా కాగితం లేదు, అంతే.

అంచనా కాగితమంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. నేను కొన్నేళ్లు మా సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. ఆరాధన అయ్యాక కానుకల సంచి బల్ల మీద గుమ్మరించేవాళ్లం. మడతల మీద మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు, చీర కొంగున ముడివేసి తెచ్చిన బిళ్లలు, పిల్లలు చెమట చేతుల్లో పట్టుకొచ్చిన నాణేలు. ఒకరు లెక్కపెడితే మరొకరు మళ్లీ లెక్కపెట్టేవారు, ఇద్దరమూ పుస్తకంలో సంతకం చేసేవాళ్లం. ఆ పది రూపాయల వెనక ఎవరి పూట కూలి ఉందో తెలిసినవాడికి రెండుసార్లు లెక్కపెట్టడం అవిశ్వాసమనిపించదు.

పేతురు మాట కూడా తేల్చుకోవాలి. మత్తయి పద్నాలుగో అధ్యాయం చదివితే, పేతురు నీళ్ల మీదికి తనంతట తాను దూకలేదు. ‘నీవే అయితే నీళ్లమీద నీయొద్దకు వచ్చుటకు నాకు సెలవిమ్ము’ అని అడిగాడు, రమ్మన్న తరువాతే దిగాడు. ఆజ్ఞ లేకుండా దూకమన్న సందర్భం ఒకటి అదే సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, వాక్యం ఎత్తి చూపి, దూకు, దూతలు పట్టుకొంటారని యేసుతో అన్నది అపవాది, అంటే సాతాను. ‘ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు’ అన్నది యేసు జవాబు. వాక్యం చూపించినంత మాత్రాన దూకమన్నది దేవుడే అని అనుకోవడానికి వీల్లేదు.

నాన్నగారు పేద విధవరాలి రెండు కాసుల కథ ఎత్తుతారు, మాసిదోనియ సంఘాలు శక్తికి మించి ఇచ్చిన సంగతి ఎత్తుతారు. ఇవి బలమైన వాక్యాలే, తేలిగ్గా కొట్టిపారేయకండి. ఆమె తనకున్నదంతా వేసింది, యేసు మెచ్చుకొన్నాడు. అయితే ఆమెను వేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె వేసినవి తన కాసులు, కొడుకు సంతకంతో తెచ్చిన అప్పు కాదు. పైగా మార్కు సువార్తలో ఈ కథకు సరిగ్గా ముందు వచనంలో, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను, అంటే ధర్మశాస్త్రం బోధించేవారిని, యేసు గద్దిస్తాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మనం ఒక్కటే చదువుతాం. మాసిదోనియవారు కూడా ‘తమంతట తామే’ ఇచ్చారు, ఆ తరువాత కొన్ని వచనాలకే పౌలు, శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే ఇచ్చినది ప్రీతికరమవుతుందని కొరింథువారికి చెప్పాడు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికంటే చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. ఆ ఇంట్లో మీ అమ్మగారు కూడా ఉన్నారు. ఆమె ఏడుపు ఈ లెక్కలో ఒక అంకె అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంత చెప్పి, ఈ వాక్యాలన్నీ పట్టుకెళ్లి నాన్నగారి ముందు కుప్పపోయకండి. మూర్ఖునికి వాని మూఢత చొప్పున ప్రత్యుత్తరమియ్యకుమని సామెతల ఇరవయ్యారో అధ్యాయం నాలుగో వచనం, ఇమ్మని ఐదో వచనం చెబుతాయి. పరస్పరం విరుద్ధమని కొందరు తికమకపడతారు గాని, రెంటినీ పక్కపక్కన పెట్టినవాడికి తెలిసే పెట్టాడు. ఏ వేళ మాట్లాడాలి, ఏ వేళ ఊరుకోవాలి అన్నది సూత్రంతో తేలదు, ఎదుటి మనిషిని చూసి తేల్చుకోవాలి. మొదటి సమూయేలు ఇరవై ఐదో అధ్యాయంలో అబీగయీలు అలా తేల్చుకొన్న మనిషి. తన భర్త చేసిన అవమానానికి పగతీర్చుకోవడానికి దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకొని వస్తుంటే రెండు వందల రొట్టెలు, రెండు ద్రాక్షారస తిత్తులు, వండిన ఐదు గొర్రెలు గాడిదల మీద వేయించి ఎదురెళ్లి ఇంటిని కాపాడింది. తిరిగి వచ్చేసరికి భర్త విందులో తాగి ఉన్నాడు. ఆ రాత్రి ఆమె ఒక్కమాట కూడా చెప్పలేదు, తెల్లవారి మత్తు తగ్గాకే చెప్పింది. ఆ భర్త పేరు నాబాలు, అంటే మూర్ఖుడు; అతనితో మీ నాన్నగారిని పోలుస్తున్నానని అనుకోకండి. నేను చూపిస్తున్నది ఆమె తెల్లవారేదాకా ఆగడం.

మీరు కూడా అలాగే ఒక వేళ చూసుకోండి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చిన ఊపులో వద్దు, బ్యాంకు నుంచి ఫోను వచ్చిన రోజు వద్దు. ఒక ఉదయం ఇంటి ప్రార్థన అయ్యాక, అమ్మగారు కూడా కూర్చుని ఉన్నప్పుడు, ముందు ఆ మాట అన్నందుకు క్షమాపణ అడగండి. ‘మీరు అలా అన్నారు కాబట్టి నేను ఇలా అన్నాను’ అని దానికి తోక తగిలించకండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ రోజుకు అంతటితో ఆపండి.

మరునాడో, వారం తరువాతో, మందిరానికి మీరు ఇవ్వగలిగింది చెప్పండి. మీ జీతంలోంచి నెలకు ఇంతని, ఇన్ని నెలలని, మీ పేరుతోనే. ఇవ్వడానికి అడ్డం పడుతున్న కొడుకు మాటకు, ఇస్తూ ప్రశ్న అడుగుతున్న కొడుకు మాటకు తేడా ఉంటుంది. తన పింఛనులోంచి, రిటైర్మెంటు సొమ్ములోంచి నాన్నగారు ఎంత ఇస్తారన్నది ఆయన ఇష్టం, అమ్మగారి ఇష్టం; అక్కడ మీరు వేలు పెట్టకండి. ఇంటి తాకట్టు మీద మీ సంతకం మాత్రం మీది. దాన్ని ఎందుకు పెట్టలేకపోతున్నారో కోపం లేకుండా ఒక్కసారి చెప్పి ఊరుకోండి. పదిసార్లు చెబితే అది వాదన అయిపోతుంది.

సంఘపెద్దల దగ్గరకు ఒంటరిగా వెళ్లకండి. ఇంజినీరు వేసిన అంచనా, పంచాయతీ అనుమతి, సంఘం పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా, ఇప్పటిదాకా వచ్చిన వసూళ్ల జాబితా, ఎవరెవరి సంతకాలతో డబ్బు తీస్తారన్నది: ఈ వివరాలు అడిగే హక్కు సంఘ సభ్యులందరిదీ. మరో ఇద్దరు ముగ్గురు సభ్యులతో కలిసి, అయ్యగారిని (పాస్టరుగారిని) మర్యాదగా, వీలైతే కాగితం మీద రాసి అడగండి. చూపిస్తే సంతోషం. చూపించడానికి చిరాకుపడితే అది కూడా మీకు ఒక జవాబే.

ఆ కాగితాలు చేతికొచ్చిన రోజు వాటిని మీరు చదివి వినిపించకండి. నాన్నగారు ఇన్నేళ్లు పిల్లల చేత లెక్కలు వేయించారు. ఒక తెల్ల కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టి, స్లాబు దాకా ఎంతవుతుంది, పైఅంతస్తుకు ఎంత, 12 లక్షలకు నెలనెలా వడ్డీతో ఎంత కట్టాలి, పింఛనులోంచి అది పోగా ఇంటికి ఎంత మిగులుతుంది అని అడిగి, ఆయన చేతే వేయించండి. ఆయన వేస్తున్నంతసేపు మీరు మాట్లాడవద్దు.